కోపం, భయం తగ్గట్లేదు. నా విశ్వాసంలోనే లోపమా?

వందనాలండి. మీరు రాసినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి దగ్గర మీకు కొబ్బరి తోట. తిత్లీ తుపానుకి నేలకూలినది పోగా, తర్వాత వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. నాన్నగారికి డయాలసిస్. పెద్దనాన్నగారి అబ్బాయితో గట్టు తగాదా. పగలు ఇంట్లోవాళ్ల మీద అరుస్తున్నారు, రాత్రి గాలి చప్పుడుకి లేచి కూర్చుంటున్నారు. సంఘంలో ఒకరు “భయముందంటే విశ్వాసం లేనట్టే” అన్నారు. అది నిజమేనా, ప్రార్థన చేస్తున్నా ఎందుకు తగ్గట్లేదు అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. లోపం విశ్వాసంలో లేదు, ప్రార్థన చేసే తీరులో ఉంది. కోపాన్నీ భయాన్నీ చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి, మోకాళ్లూని, మంచి మాటలు నాలుగు చెప్పి లేస్తున్నారు. బయటికొచ్చాక మళ్లీ అవే తొడుక్కుంటున్నారు. వాటిని లోపలికి తీసుకురండి. ఉన్నవి ఉన్నట్టు దేవుడికి చెప్పండి. చెప్పాక రెండింటికీ చెరో పని అప్పగించండి. పని లేని కోపం ఇంట్లోవాళ్ల మీద పడుతుంది, పని లేని భయం నిద్ర మీద పడుతుంది.

ముందు ఆ సంఘంలోని మాట సంగతి. మార్కు సువార్త 3వ అధ్యాయం 5వ వచనం చూడండి. ఊచచెయ్యి గలవాణ్ని బాగుచేస్తే తప్పుపట్టాలని కనిపెట్టుకుని కూర్చున్నవాళ్లని యేసు కోపంతో కలయజూశాడు. అదే వచనంలో వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడు కూడా. కోపం, దుఃఖం ఒకే చూపులో ఉన్నాయి. గెత్సేమనేలో ఆయన చెమట, కలవరం అందరూ చదివేదే. “నా ప్రాణం మరణమయ్యేంతగా దుఃఖంలో మునిగిపోయింది” అని శిష్యులతో దాచకుండా చెప్పాడు. ముగ్గురిని వెంట తీసుకెళ్లి, దగ్గరుండమన్నాడు. మత్తయి 26:44 ప్రకారం అదే మాట మూడోసారి కూడా ప్రార్థించాడు. ఒక్కసారి చెప్పి నమ్మితే చాలు, మళ్లీ అడిగితే అవిశ్వాసం అనేవాళ్లు ఈ వచనాన్ని ఎక్కడ పెడతారో తెలీదు.

బైబిల్లో “భయపడకుము” 365 సార్లు ఉందని, రోజుకొకటని ఫార్వర్డులు తిరుగుతుంటాయి. కూర్చుని లెక్కపెడితే అన్ని రావు. లెక్క కంటే ముఖ్యమైనది ఆ మాట పలికిన స్వరం. చాలా చోట్ల అది గద్దింపు కాదు. కరెంటు పోయిన రాత్రి ఏడ్చే పిల్లతో తల్లి “భయపడకమ్మా, నేనున్నాను” అన్నట్టుంటుంది. యెషయా 41:10లో దాని పక్కనే కారణం కూడా ఉంది: “నేను నీకు తోడైయున్నాను.” ఆ తల్లి మాటని తీసుకుని పిల్ల నెత్తిన మొట్టకూడదు.

ఇప్పుడు చేయాల్సినవి. మొదట ఒళ్లు.

ఇది ఆత్మీయం కాదనుకునేవాళ్లు 1 రాజులు 19 చదవాలి. ఏలీయా యెజెబెలుకు భయపడి అరణ్యానికి పారిపోయి, చచ్చిపోతానని ప్రార్థించి, చెట్టు కింద పడుకున్నాడు. దేవదూత వచ్చి వాక్యం చెప్పలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. “ఇక్కడ ఏం చేస్తున్నావు” అన్న దేవుడి ప్రశ్న ఆ తర్వాత, హోరేబుకు చేరాక వచ్చింది.

మీ రోజుని ఈ కళ్లతో చూసుకోండి. తెల్లారకుండా నాన్నగారితో డయాలసిస్‌కి బయల్దేరి, అక్కడ నాలుగు గంటలు కుర్చీలో టీ మీద టీ తాగుతూ గడిపి, మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి గుంటడి అల్లరి మీద విరుచుకుపడ్డారంటే, అందులో సగం ఆకలి. ఆసుపత్రికి వెళ్లే రోజు సీసాలో చోడి (రాగి) అంబలి పట్టుకెళ్లండి. మధ్యాహ్నం మూడు దాటాక టీ మానండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గాని, ఇళ్లకి పరామర్శకి వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది “వాక్యం చదువుతున్నారా” అని కాదు, “రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, పొద్దున్న ఏం తిన్నారు” అని.

కోపం లేచిన మొదటి అరగంట. ఈ అరగంటలో ఎవరికీ నీతి చెప్పకండి, ఏ తగాదా తేల్చకండి. నోటికి ఒకే వాక్యం నేర్పండి: “ఇప్పుడు మాట్లాడితే తప్పు మాటొస్తుంది, అరగంటలో వస్తాను.” చెప్పి బయటికెళ్లండి. బోరు దగ్గర కాళ్లూ చేతులూ మొహం కడుక్కోండి. తర్వాత ఊపిరి. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు లోపలికి, ఆరో ఏడో లెక్కపెట్టేంత సేపు బయటికి. పదిసార్లు చేస్తే రెండు నిమిషాలు పడుతుంది. అంకెల బదులు వచనం పెట్టుకోవచ్చు. కీర్తన 56:3 దీనికి కొలిచి రాసినట్టుంటుంది. ఊపిరి తీసుకుంటూ మనసులో “నాకు భయము సంభవించు దినమున”, వదులుతూ “నిన్ను ఆశ్రయించుచున్నాను”. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. మంత్రం కాదు, ఒంటి నిర్మాణమే అంత. నిదానంగా పాట పాడినా ఇదే జరుగుతుంది, అందుకే మన పెద్దవాళ్లు కష్టంలో పాట ఎత్తుకునేవాళ్లు.

ఇక్కడ చెడేవి మూడు. ఒకటి, బయటికెళ్లి ఫోన్ తియ్యడం. కోపంలో గ్రూపులో పెట్టిన వాయిస్ మెసేజీ మీరు చెరిపేసినా విన్నవాళ్ల చెవుల్లోంచి పోదు. రెండు, బండి తీసుకుని ఎటో వెళ్లిపోవడం, ముఖ్యంగా సందు చివర మందు షాపు ఉన్నప్పుడు. మూడోదే ఎక్కువమంది చేసేది: చెప్పిన అరగంటకి తిరిగి రాకపోవడం. రాకపోతే ఇంట్లోవాళ్లకి అది అలకగా, బెదిరింపుగా కనిపిస్తుంది. రెండోసారి ఆ వాక్యం పనిచేయదు. అరగంట అంటే అరగంటే.

తర్వాత, ఫిర్యాదు ప్రార్థన. కీర్తనల గ్రంథంలో పెద్ద భాగం మొరలే. అందరికీ 23 వస్తుంది. కోపానికీ భయానికీ 13 నేర్చుకోండి. మొత్తం ఆరు వచనాలు. మొదటి రెండింటిలో దావీదు “ఎంతవరకు” అని నాలుగుసార్లు దేవుణ్ని నిలదీస్తాడు. తర్వాతి రెండింటిలో తనకి ఏం కావాలో అడుగుతాడు. చివరి రెండింటిలో నమ్ముకున్నానంటాడు. రెండు, రెండు, రెండు. దీన్నే అచ్చుగా వాడుకోండి. ఒక నోటు పుస్తకం, రాత్రి భోజనానికి ముందు పావుగంట. దేవుడి ముందు గ్రాంథికం అక్కర్లేదు. మన మాటే రాయండి, ఇలా:

“ప్రభువా, గట్టు జరిపేసినాడు. సర్వేకి రమ్మంటే రాడు. ఊరందరి ముందు నన్నే తప్పుడోణ్ని చేసినాడు. నువ్వు చూస్తన్నావా, లేదా? ఎన్నాళ్లు ఓర్చుకోవాల? కొలతలు పడేదాకా నా నోరు పట్టుకో. సర్వేయరు బేగి వచ్చేటట్టు చెయ్యి. నాన్నకి ఈ వారం బీపీ పడిపోకుండా చూడు.”

చూశారా, అడిగినవి ఎంత చిన్నవో. “శాంతి ఇయ్యి” అని అడిగితే వచ్చిందో లేదో కొలవలేం. “కొలతలు పడేదాకా నోరు పట్టుకో” అంటే రేపు సాయంత్రానికి తెలుస్తుంది. ఫిలిప్పీ 4:6లో “మీ విన్నపములు దేవునికి తెలియజేయుడి” అన్నది ఇదే. చింతని విన్నపంగా మార్చాలంటే దానికో పేరు, తారీఖు, కొలత ఉండాలి.

పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, మొదటి రెండు వచనాలు వదిలేసి తిన్నగా ఐదులోకి దూకేయడం. మన సంఘాల్లో సాక్ష్యాలన్నీ ఐదో వచనంతో మొదలవుతాయి, అదొక జబ్బు. మీరు దూకకండి. ఒక్కోరోజు ఐదో వచనం దాకా రాలేరు. ఫర్వాలేదు. 88వ కీర్తన చివరి వరకూ చీకట్లోనే నడిచి, చీకట్లోనే ఆగిపోతుంది. అది కూడా లేఖనమే.

గాలి చప్పుడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ వేళకి నిద్రలోంచి లేచి, కొబ్బరి మొవ్వులు విరిగి పడుతున్న చప్పుడు చీకట్లో విన్న ఒళ్లు, ఇన్నేళ్ల తర్వాత కూడా గాలి లేస్తే లేస్తుంది. అది అవిశ్వాసం కాదు, జ్ఞాపకం. ఉద్దానంలో అక్టోబరు, నవంబరు నెలల్లో ఇది మీ ఒక్కరికే కాదు.

లేచి కూర్చున్నప్పుడు మంచం మీదే ఉండి చీకట్లో ఆలోచించకండి. లైటు వేయండి. కాళ్లు నేలకి ఆనించండి. తారీఖు, రోజు, ఊరు పైకి చెప్పండి: “ఈరోజు ఫలానా, ఇది తిత్లీ కాదు.” గోడ తాకండి, నీళ్లు తాగండి. వచనం అప్పుడు. ముందే వచనం చదివితే కళ్లు చదువుతాయి, చెవులు గాలి దగ్గరే ఉంటాయి. ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి చేతిపని ఏదైనా చేసుకుని, నిద్రొచ్చాక పడుకోండి.

నిజంగా వాయుగుండం ఉన్న రోజుల్లో అరగంటకోసారి యూట్యూబ్ చూడకండి. తుపానుగా మారాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, మధ్యలో మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. పొద్దున, సాయంత్రం చూడండి. రెడ్ అలర్ట్ పడితే ప్రతి బులెటినూ చూడండి. కళింగపట్నం ఓడరేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల అంకెల లెక్క కూడా తెలుసుకుని ఉండండి. 1, 2 అంటే దూరంగా ఉన్నట్టు. 8 నుంచి 10 అంటే పెద్ద ప్రమాదం. 11 అంటే కబురు తెగిపోయినట్టు. అంకె తెలియనివాడికి ఒకటైనా పదైనా ఒకే భయం. ఇంకో మాట, “అంత్యదినాల సూచనలు” అంటూ తుపాను బొమ్మలు పెట్టి అర్ధరాత్రి లైవ్ పెట్టే బోధకుల్ని ఆ వారం రోజులూ మ్యూట్‌లో పెట్టండి. తుపాను దాటాక వినాలనిపిస్తే వినొచ్చు.

భయానికి అప్పగించే పని నెహెమ్యా 4:9లో ఉంది. యెరూషలేము గోడ కడుతున్నవాళ్లు శత్రువులకి భయపడి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలి ఉంచారు. రెండూ ఒకే వచనంలో. కాగితాన్ని మధ్యకి మడిచి ఎడమ పక్క మీ చేతిలో ఉన్నవి రాయండి: పాసుపుస్తకం, ఆధార్, నాన్నగారి డయాలసిస్ కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టడం, వారానికి సరిపడా మందులు, తుపాను ముందు డయాలసిస్ ఒకరోజు ముందుకి జరపమని సెంటర్‌లో అడగడం, ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో తోట ఎక్కిందో లేదో చూసుకోవడం. కుడి పక్క మీ చేతిలో లేనివి: గాలి ఎటు తిరుగుతుంది, ఎన్ని చెట్లు మిగులుతాయి, నాన్నగారికి ఇంకెన్నేళ్లు. ఎడమ పక్కది రేపు పగలు చేయాల్సిన పని. కుడి పక్కది ఈ రాత్రి ప్రార్థన. కుడి పక్కవాటి గురించి పనిచేయాలని చూసినా, ఎడమ పక్కవాటి గురించి ఊరికే ప్రార్థిస్తూ కూర్చున్నా భయం పెరుగుతుంది.

ఒక చిన్న సంగతి. మార్కు 4లో తుపాను కథలో చాలామంది దాటిపోయే ముక్క ఒకటుంది: ఆయన వెంట మరికొన్ని దోనెలు కూడా వచ్చాయి. గాలి ఆ దోనెల మీదా వీచింది, నిమ్మళమైనప్పుడు వాటికీ నిమ్మళమైంది. మీ పక్కింటి దోనెలో ఎవరున్నారో చూడండి. ఒంటరి ముసలావిడ ఉంటే ఆమె కాగితాలు కూడా కవరులో పెట్టి రండి. ఇంకొకరి కోసం చేతులు కదులుతుంటే మన భయానికి పట్టు తగ్గుతుంది. అదే కథలో “మేము నశించిపోతున్నాం, నీకు చింతలేదా” అని శిష్యులు అన్నది సగం భయం, సగం కోపం. ఆయన ముందు గాలిని ఆపాడు, తర్వాతే వాళ్ల విశ్వాసం గురించి అడిగాడు. మనం ఈ వరసని తిరగేస్తాం.

గట్టు తగాదా. కోపానికి పని అంటే ఏంటో నెహెమ్యా 5లో ఉంది, అదీ పొలాల తగాదాయే. పేదల పొలాలు తాకట్టులో పోయాయని విని నెహెమ్యా మిక్కిలి కోపపడ్డాడు. వెంటనే అరవలేదు. తనలో తాను ఆలోచించుకున్నాడు. తర్వాత ప్రధానుల్ని ఎదురుగా పిలిచి గద్దించాడు. చివరికి లెక్క చెప్పి అడిగాడు: పొలాలు, ద్రాక్షతోటలు, ఒలీవతోటలు, ఇళ్లు, వడ్డీగా తీసుకున్న నూరో వంతు తిరిగిచ్చేయండి. “మీకు సిగ్గులేదా” దగ్గర ఆగిపోయి ఉంటే ఒక్క చెట్టూ తిరిగొచ్చేది కాదు.

మీకు అందులో వరస దొరుకుతుంది. సచివాలయంలోనో మీసేవలోనో ఎఫ్-లైన్ దరఖాస్తు, అంటే పొలం హద్దులు కొలవమని దరఖాస్తు పెట్టండి. నోటీసులిచ్చి ఇరువైపులవాళ్ల ముందు కొలుస్తారు. కొలత రోజున మీరు మాట్లాడకుండా, నెమ్మదస్తుడైన బంధువు ఒకర్ని పక్కన నిలబెట్టుకోండి. కోర్టు దాకా వెళ్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, లోక్ అదాలత్ ఉంది. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, ఆదాయ పరిమితి లోపలివాళ్లకి వకీలు ఉచితం, ఫోన్ 15100. విశ్వాసి కోర్టుకి వెళ్లకూడదంటూ 1 కొరింథీ 6 చూపిస్తారు. అది సంఘంలోని ఇద్దరి మధ్య మాట, మీ అన్నగారు సంఘస్థుడైతే ముందు సంఘపెద్దల దగ్గరే కూర్చోండి. అక్కడ తేలకపోతే కొలత అడగడం పగ కాదు. పౌలు తన మీద కుట్ర తెలిసినప్పుడు మేనల్లుణ్ని సహస్రాధిపతి దగ్గరికి పంపాడు, 470 మంది కాపలాతో రాత్రికి రాత్రి ఊరు దాటాడు. రక్షణ అడగడానికి సిగ్గుపడలేదు.

ఆ అన్నగారితో మాట్లాడాలంటే మత్తయి 18:15 చెప్పినట్టు మొదట ఒంటరిగా వెళ్లండి. మనవాళ్లు మొదటి మెట్టు దాటేసి “ప్రార్థన అంశం” పేరుతో కూడికలో పేరు పెట్టి చెప్పేస్తారు. అది ప్రార్థన కాదు, పంచాయితీ. క్షమించడం అంటే పగ తీర్చుకునే హక్కు దేవుడికి ఒప్పజెప్పడం, రోమా 12:19. గట్టు వదులుకోవడం అందులో లేదు. ఎవరైనా ఇంట్లో కొడుతుంటే “క్షమించి సర్దుకో” అని ఆ ఆడపిల్లని తిరిగి పంపడం అసలే లేదు. ఆమెకి మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది.

“సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు” అన్నదాన్ని రాత్రి పదింటికి తగాదా తేల్చేయమనే ఆజ్ఞగా తీసుకోకండి. అలసిపోయిన ఇద్దరు ఆ వేళ కూర్చుంటే కొత్త తగాదా పుడుతుంది. దీపాలవేళకి నోటు పుస్తకంలో “దీని గురించి ఫలానా రోజు మాట్లాడతాం” అని రాసి, ఇంట్లోవాళ్లకి అదే చెప్పి పడుకోండి. తగాదా మిగిలే ఉంటుంది, కోపానికి మాత్రం రాత్రి బస ఉండదు.

ఇక సంఘంలో జరిగే కొన్ని పనుల మీద గట్టిగానే చెప్పాలి.

చిల్లంగి, అంటే చేతబడి. వరస కష్టాలొస్తే “ఎవరో చేయించారు” అని ఒక మాట ఎవరో అంటారు. తగాదా ఉన్న దాయాది పేరు వెంటనే నోటికొస్తుంది. ఈ మాట మీ ఇంట్లోకి రానివ్వకండి, ప్రార్థనలో కూడా. మన ఏజెన్సీ ఊళ్లలో చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చంపిన కేసులున్నాయి. భయం కోపంగా మారే అడ్డదారి ఇదే.

ఉపవాసం. నాన్నగారితో చేయించకండి. డయాలసిస్ వాళ్లు, సుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా ఉపవాసం ఉండకూడదు. ఉపవాసం విడిచేటప్పుడు ప్రేమగా కొబ్బరినీళ్లు ఇస్తారు, మన దగ్గర కొబ్బరికి లోటేముంది. కిడ్నీ రోగికి అందులోని పొటాషియం గుండె మీదకి రావచ్చు. మీరు కూడా ఈ నెల రాత్రి జాగరణ ప్రార్థనలకి వెళ్లకండి. నిద్ర లేనివాడికి జాగరణ మందు కాదు. నూనె రాసి మందులు ఆపమన్నవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లొద్దు.

డాక్టరు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, చెయ్యి ఎత్తేదాకా వెళ్లినా, చచ్చిపోతే బాగుండు అనిపించినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ మానసిక వైద్యం ఓపీ అడగండి. గుండెల్లో బిగుతు ఎడమ చేతికో దవడకో పాకితే అది భయమా గుండెపోటా అని మీరు తేల్చకండి, 108 పిలవండి. ప్రార్థన అంబులెన్సులో చేసుకోవచ్చు.

చివరిగా ఇంట్లో అరుపులు. ఈ రాత్రి మొదలుపెట్టగలిగేది ఇదొక్కటే. భోజనాలయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి, కారణాలేవీ చెప్పకుండా, “మీరు అల్లరి చేశారు కాబట్టి” అని కలపకుండా ఇంతే అనండి: “మధ్యాహ్నం నేను అరిచాను. అది నా తప్పు. మీరు భయపడ్డారు. నన్ను క్షమించండి. ఈసారి కోపమొస్తే బోరు దగ్గరికి వెళ్తాను, అరగంటలో వచ్చేస్తాను.” భార్యతో కూడా అదే, విడిగా. గుంటలు నవ్వితే నవ్వనివ్వండి. రేపు మీరు బోరు వైపు నడిచినప్పుడు వాళ్లే గడియారం చూస్తారు.